పెద్దమ్మ గీసిన ఏడు సున్నాలు

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను మేడ్చల్ బళ్లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. "వదినా, అత్తమ్మ పాయె. చాయ్ తాగుకుంట కూసున్నకాడ్నే ఒరిగింది" అని ఆమె కోడలు ఫోన్‌లో భోరుమంది. సుద్దముక్క బల్ల మీద పడేసి, హెడ్మాస్టరుకు ఒక్క మాట చెప్పి ఆటో ఎక్కాను. గౌడవెల్లి చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మా అమ్మ కన్నా నన్నెక్కువ ఎరిగిన మనిషి ఆమె.

ఇంట్లో అడుగుపెట్టగానే ఏడుపు ఆగిపోయింది, కోపం అందుకుంది. పెద్దమ్మను ముందుగదిలో పడుకోబెట్టారు. తల వైపు, ఆమె దగ్గర కార్డుల విద్య నేర్చుకున్న శిష్యురాలు నిలబడి ఉంది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి కొంపల్లి పక్క కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్న ఉద్యోగస్తుల ఇంటి ఇల్లాలు. పెద్దమ్మ బొమ్మల కార్డుల పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కాళ్ల దగ్గర ఉంచి అగరొత్తులు వెలిగించింది. "ఆవిడ చెయ్యి పడితే చాలండీ, ఎంతటి రోగమైనా పారిపోయేది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. మా పెద్దమ్మ శామీర్‌పేట దిక్కు సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ మాట వింటే లేచి కూర్చుని నవ్వేది.

పళ్లు కొరుక్కుంటూ పెరట్లోకి పోయాను. బట్టలుతికే బండ దగ్గర సుగుణ కూర్చుని ఉంది. దూలపల్లిలో బిస్కెట్ కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది, పెద్దమ్మ ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది, బడికి పోయే ఇద్దరాడపిల్లల తల్లి. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెద్దమ్మ పాయె. ఇగ నా గడ్డ ఎవలు కరిగిస్తరక్కా?"

"ఏం గడ్డ?"

అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టి, కొంగు కింద ఎడమ రొమ్ము పక్కన పెట్టింది. జాకెట్టు మీంచే తగిలింది. నిమ్మకాయంత ఉంది.

"ఎప్పటి సందే?"

"దసరా సంది."

అప్పటికి ఉగాది కూడా దాటిపోయింది. "డాక్టరుకు చూపిచ్చినవా?" అన్నాను. చూపించలేదట. గుండె దగ్గరి చక్రం మూసుకుపోయి అక్కడ బాధ గడ్డకట్టిందని శిష్యురాలు చెప్పిందట. రోజూ దాని మీద కార్డు పెట్టుకుని ఊపిరి తీస్తూ పడుకుంటే తెరుచుకుంటుందట. "మేడం చెప్పింది గని, పెద్దమ్మ ఇంట్ల కూసొని చెప్తే పెద్దమ్మ చెప్పినట్టే గదా" అంది సుగుణ. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. రేపే దవాఖానాకు పోదాం పద అంటే, "దినాలు కానియ్యి అక్కా, మేడంను ఒకసారి అడుగుత" అని లేచి వెళ్లిపోయింది. లోపల చచ్చిపోయిన మనిషికి చెయ్యగలిగిందేమీ లేదు, బయట బతికున్న మనిషిని డాక్టరు దగ్గరికి ఎలా ఈడ్చుకెళ్లాలా అన్నదే ఇక నాకు పట్టుకుంది.

పెద్దమ్మ సంగతి తెలియనివాళ్లకు ఆమె ఎలాంటిదో చెప్పకపోతే నా కోపం అర్థం కాదు. తొంభైలలో, డ్యూటీ అయ్యాక, ఆఫీసర్ల క్వార్టర్లలో ఒక పంజాబీ మేడంకు రోజూ ఇంజెక్షన్ ఇవ్వడానికి పోయేది. ఆ మేడం దగ్గర జోస్యానికి వాడే టారో బొమ్మల కార్డులు ఉండేవి. చక్రాలు, ఊపిరి సాధన కూడా ఆమెకు తెలుసు. ఒంటరి మనిషి, పెద్దమ్మను కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది, బదిలీ అయి పోతూ పోతూ ఒక కార్డుల కట్ట చేతిలో పెట్టింది. కార్డుల మీద ఇంగ్లీషు పేర్లు పెద్దమ్మకు నోరు తిరిగేవి కావు. తనే పేర్లు పెట్టుకుంది. లాంతరు తాత, ఉల్టా మనిషి, పిడుగు వడ్డ బంగ్లా, కత్తులు గుచ్చిన గుండె. మా ఊళ్లో ఆడవాళ్లు, "నాకు మల్ల లాంతరు తాతనే వచ్చిండు పెద్దమ్మా" అని విసుక్కుంటుంటే చూడాలి.

ఆమె పద్ధతి ఆమెదే. నేల మీద సుద్దముక్కతో కూర్చున్న మనిషి బొమ్మ గీసేది. ఆ బొమ్మలో అడుగు నుంచి నడినెత్తి దాకా ఏడు చక్రాలకు ఏడు సున్నాలు చుట్టేది. ఏడు కార్డులు తీయమని, ఏ కార్డు ఏ సున్నా మీద పెట్టాలో మనల్నే పెట్టమనేది. పెట్టాక ఇక ఆమె చెప్పేదేమీ ఉండదు, అడగడమే. "గీ కత్తులు గొంతు మీద ఎందుకు వెట్టినవ్?" అని చేతులు కట్టుకుని కూర్చునేది. ఎంతసేపైనా సరే కదిలేది కాదు. మనమే చెప్పుకుంటూ పోయి, ఎక్కడో ఒకచోట ఏడ్చేసేవాళ్లం. అన్నీ అయ్యాక తడిగుడ్డ చేతికిచ్చి, "తుడువు బొమ్మను. ఇంటికి వోయి వంట జేసుకో" అనేది.

జోస్యం అడిగితే మాత్రం మండిపడేది. ఒకసారి ఒక ప్లాట్ల బ్రోకరు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో దిగాడు. "అవ్వా, నా వెంచర్ ఎప్పుడు అమ్ముడువోతదో జర చూడు" అన్నాడు.

"అవ్వ ఎవల్రా నీకు? గిది ప్లాట్ల ఆఫీసు గాదు. లే, ఆ చాప మీదికెల్లి లే."

"మస్తు పేరు విన్న గదా నీది."

"నా పేరు విన్నవు. నా నోరు ఇప్పుడు ఇంటున్నవు. నడువు."

వాడు చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పోయాడు. ఆ రోజు మేమెంత నవ్వామో.

ఒంట్లో బాగాలేదని వచ్చినవాళ్లనైతే గడప దాటనిచ్చేది కాదు. అరుగు మీదే నిలబెట్టి, "డాక్టరుకు చూపిచ్చినవా?" అని అడిగేది. లేదంటే తిట్టి పంపేది. చూపించానంటే మందుచీటీ తెచ్చి చూపెట్టమనేది, మాత్రలు వేసుకుంటున్నావా అని దబాయించేది. ఆ తరువాతే చాప, సుద్దముక్క, కార్డులు. మనసులో ఉన్నది చెప్పుకోవడానికే బొమ్మలని, రోగానికి దవాఖానా ఉందని ఆమె లెక్క. అందులో ఆమెకు ఏ గందరగోళమూ లేదు.

నన్నూ అరుగు మీదే నిలబెట్టింది. భూముల రేట్లు లేచిన రోజుల్లో మా అన్నలు మా చేను లేఅవుట్ వాళ్లకు అమ్మేశారు. ఆ చేన్లోనే మా నాయినను మట్టి చేశాం. సమాధి ఉన్న గుంట నేల వదిలిపెడతామని నాకు మాటిచ్చి, సంతకం పెట్టించుకుని, చివరికి దాని మీంచే మట్టిరోడ్డు వేయించారు. నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. కడుపులో మంట పట్టుకుంది. అన్నం ముద్ద మింగితే నిప్పు మింగినట్టు ఉండేది. పెద్దమ్మ నన్ను ముందు డాక్టరు దగ్గరికి తరిమింది. పేగులో పుండు అన్నారు. మందులు మొదలుపెట్టాక, ఒక ఆదివారం చాప మీద కూర్చోబెట్టి బొమ్మ గీసింది. నేను పిడుగు పడ్డ బంగ్లా కార్డు తీసి బొడ్డు దగ్గరి సున్నా మీద పెట్టాను.

"ఆడనే ఎందుకు?"

"ఆడనే మండుతాంది."

"ఎవల మీద?"

అంతే. నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నలను, వదినెలను, లేఅవుట్ వాళ్లను, అన్ని ఇళ్లలో ఒక్కడు కూడా అడ్డం రాని ఊరిని. ఆమె ఆపలేదు, ఓదార్చలేదు. చివరికి, "కోపం మంచిదే బిడ్డా. నీ కడుపులెందుకు దాచినవ్ దాన్ని? వాండ్లది వాండ్లకు ఇయ్యి పో" అంది. మర్నాడు పెద్దన్న ఇంటికి పోయి వాకిట్లో నిలబడి నాలుగు వీధులకు వినబడేట్టు అడిగాను. చేను తిరిగి రాలేదు, నాయిన మీద రోడ్డు అలాగే ఉంది. నేను మాత్రం మళ్లీ అన్నం తినగలిగాను. ఈ రుణం నేను తీర్చుకోలేనిది, అది కూడా ఇక్కడే చెప్పాలి.

తరువాత పెద్దమ్మ మోకాళ్లు వంగడం మానేశాయి. నేల మీద కూర్చోలేకపోయింది. ఆ సమయంలోనే శిష్యురాలు వచ్చింది. శ్రద్ధగానే నేర్చుకుంది, అబద్ధమెందుకు చెప్పాలి. పెద్దమ్మ కాళ్లకు నూనె కూడా రాసేది. కానీ మెల్లగా చాప పోయి దిండ్లు వచ్చాయి. టేపులో వేణువు మొదలైంది. సుద్దబొమ్మ పోయి, రంగురంగుల చక్రాల అట్ట గోడకెక్కింది. ఆ అట్టను ఎవరు తుడుస్తారు? అడగడం పోయి చెప్పడం వచ్చింది. "మీకు గొంతు దగ్గర అడ్డు ఉందండీ, మీ అత్తగారి వల్ల" అని చెబితే, వచ్చినవాళ్లకు ఎంత హాయిగా ఉండేదో! ఎవరూ నోరు విప్పి ఏడవాల్సిన పని లేదు. జనం పెరిగారు.

"పెద్దమ్మా, ఆమె అడుగుతలేదు, చెప్తాంది" అని నేను ఒకసారి గట్టిగానే అన్నాను.

"నేర్సుకుంటది తియ్యి. నువ్వు ఊకె పరేషాన్ గాకు" అని కళ్లు మూసుకుని పడుకుంది.

దినాల వరకూ రోజూ బడి అయ్యాక సుగుణ ఇంటికి పోయాను. బతిమాలాను, తిట్టాను. "నీ పిల్లల మొహం చూడవే" అన్నాను. ఆమె పళ్లెంలో బియ్యం ఏరుకుంటూ తల ఊపేది, కదిలేది కాదు.

దినాల నాడు భోజనాలయ్యాక శిష్యురాలు నలుగురిని చేర్చుకుని, పెద్దమ్మ పేరున ఆ గదిలోనే కేంద్రం నడుపుతానని చెబుతోంది. ఇక ఆగలేకపోయాను. సుగుణ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆమె ఎదుట నిలబెట్టాను.

"ఈమెకు రొమ్ములో గడ్డ ఉంది. దసరా నుంచి ఉంది. నువ్వు కార్డు పెట్టుకోమన్నావట. మా పెద్దమ్మ అట్లా ఎవరికన్నా చెప్పిందా? ఒక్కరికి, ఒక్కరికన్నా?"

శిష్యురాలి మొహం పాలిపోయింది.

"నేను ఆవిడ నేర్పిందే చేశానండీ. కార్డులు నేర్పారు, చక్రాలు నేర్పారు, ఊపిరి నేర్పారు."

"డాక్టరుకు చూపించావా అని అడగడం నేర్పలేదా?"

"లేదండీ. అరుగు మీద ఆవిడ ఏదో అడిగేవారు. అది ఆవిడ నర్సు అలవాటు అనుకున్నాను. నేను లోపలే కూర్చునేదాన్ని కదా. అది కూడా ఇందులో భాగమని ఆవిడ ఎప్పుడూ అనలేదు."

ఆమె చెప్పింది నిజం. గడప ఇవతలిదంతా పెద్దమ్మ నేర్పింది. గడప అవతల తను అడిగేది ఎవరికైనా తెలిసిందే అనుకుంది, నేర్పాల్సిన విద్య అనుకోలేదు. మోకాళ్లు పోయి అరుగు మీదికి రావడం మానేసిన రోజు నుంచి ఆ ప్రశ్న అడిగే దిక్కే లేకుండా పోయింది. ఏం మనిషివి పెద్దమ్మా నువ్వు! ఊరందరినీ అంత దబాయించి అడిగినదానివి, ఇదొక్కటి నోరు తెరిచి చెప్పలేకపోయావా? నీ ఫోటో ముందు నిలబడి నిన్ను తిట్టాను. ఇప్పుడూ తిడుతున్నాను.

శిష్యురాలు సుగుణ వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "వెళ్ళమ్మా సుగుణా, డాక్టరు దగ్గరికి వెళ్ళు. అదేమిటో నాకు తెలియదు" అంది.

సుగుణ అంతవరకూ నేల చూపులు చూస్తోంది. ఆ మాటకు తలెత్తింది.

"తెల్వదా? తెల్వకనే చెప్పినవా గిన్నొద్దులు? పొద్దంత కంపెనీల నిలవడి నిలవడి అచ్చి, నొప్పి లేస్తాంటె నీ కార్డు వెట్టుకొని పండుకున్న. నా బిడ్డలను కూడ పక్కకు రానియ్యలే, కార్డు కదులుతదని. తెల్వదంటవా ఇప్పుడు?"

ఆ అరుపుకు బయట పందిట్లో కూర్చున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. ఎవరూ ఆమెను పట్టుకోలేదు, ఊరుకోమని అనలేదు. అరిచి అరిచి ఆగి, నా దిక్కు చూసి, "పొద్దుగాల ఎన్నింటికి బస్సు?" అంది.

మర్నాడు పట్నంలో పెద్ద దవాఖానాకు పోయాం. డాక్టరమ్మ పరదా వెనక చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఇంత పెద్దదయ్యేదాకా ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది. సూది పెట్టి ముక్క తీశారు. ఫలితం వచ్చే వారం చెబుతామన్నారు.

సుగుణ బయటికి వచ్చేసరికి వరండా నిండా జనం. జాకెట్టు హుక్కులు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంది. ఆమెను గోడ వైపు తిప్పి, నా కొంగు అడ్డం పట్టాను. సూది గుచ్చినచోట దూది, దాని మీద ప్లాస్టర్, అంచున కాస్త రక్తం. నొప్పి తగలకుండా జాకెట్టు అంచు దూరంగా పట్టుకుని హుక్కులన్నీ విప్పి, కింది నుంచి ఒక్కొక్కటీ మళ్లీ పెట్టాను. ఆమె గోడకు నుదురు ఆనించి, అయ్యేదాకా కదలకుండా నిలబడింది.