బుట్టలో నీరుకట్టె

1926 తొలకరికి నన్ను అరకు లోయలో ఒక చిన్న ఆసుపత్రికి సబ్ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. హోదా పేరు పొడుగే గానీ, ఆ కొండల్లో డాక్టరంటే నేనొక్కడినే. నా కింద ఒక కాంపౌండరు. పాముకాటుకు అప్పటి పద్ధతి ఇది: కాటుకు పైన తాడు బిగించడం, కాటును కత్తితో చీల్చడం, అందులో పర్మాంగనేట్ పలుకులు రుద్దడం. వారం వారం సంతలో నిలబడి, ఏ పాము కరిచినా ముందు తాడు కట్టమని కాంపౌండరు చేతికే కట్టి చూపించేవాణ్ణి. నా అంత బాగా చెప్పేవాడు ఏజెన్సీలో లేడని నా నమ్మకం.

వరినాట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం సోమి అనే కొండ రైతు తన కోడలు బుద్రిని నడిపించుకొచ్చింది. ఊరి గెడ్డలో, అంటే వాగులో, బుట్టతో చేపలు పడుతుంటే పాము బుద్రి కుడిచేతిని కరిచిందట. మోచేతి కింద నారతాడు చర్మంలోకి దిగిపోయి ఉంది. అరచెయ్యి నల్లబడి, ఉబ్బి, చల్లగా తగిలింది. వేళ్ళు కదలడం లేదు. విషం ఎక్కిందని తేల్చేసి కత్తి తెమ్మన్నాను.

సోమి చేతిలో మూత కట్టిన చేపలబుట్ట ఉంది. అందులో ఆ పామే ఉందట, ప్రాణంతో! గెడ్డ పామును చంపితే ఊట ఎండిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకే దాన్ని పట్టుకుని, నాకు చూపించి, మళ్ళీ నీళ్ళలో వదిలేద్దామని తెచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆ బుట్ట బయట పెట్టమని కసిరాను.

"ఏటి బాబూ సేత్తన్నావు? ఇది మా నీరుకట్టె. దీనికి ఇసం నేదు," అంది సోమి.

విషం లేకపోతే తాడెందుకు కట్టావని గద్దించాను.

"నువ్వే గదా సంతలో సెప్పినావు, ఏ పాము కరిసినా బేగి కట్టీమని! దారంతా ఈ గుంట ఏడిసింది. నీ మాట మీద ఇప్పనేదు."

నేను వినిపించుకోలేదు. కత్తి బుద్రి చేతికి ఆనించబోతుండగా సోమి బుట్ట మూత తీసి తన చెయ్యి లోపల పెట్టింది. కాంపౌండరు బెంచీ ఎక్కేశాడు. పాము ఆమె మణికట్టును పట్టేసింది. ఆమె దాన్ని మెల్లగా విడిపించి, మూత వేసి, చెయ్యి నా ముఖం ముందుకు చాపింది.

"నన్నూ కోసీ మరి," అంది.

కోరలు దిగిన రెండు గాట్లు కావవి. వంపుగా, వరసగా, చిన్న చిన్న పళ్ళ గాట్లు. బుద్రి చేతిమీదా అచ్చంగా అవే ఉన్నాయి. అప్పటిదాకా నేను వాటిని సరిగ్గా చూడనేలేదు! అదే కత్తితో తాడు కోసేశాను.

నాట్లు వేసే చెయ్యి. పోతే నా మూలంగానే పోయేది. దాన్ని పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. మొదట అరచేతికి వెచ్చదనం వచ్చింది, తరువాత మంట. బుద్రి కెవ్వుమని ఏడిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దు వాలేసరికి చిటికెన వేలు కదిపింది. సోమికి ఏమీ కాలేదు. టింక్చర్ రాస్తానంటే నవ్వి, బుట్ట నెత్తిన పెట్టుకుంది.

తరువాతి సంతలో నా పాఠం మార్చాను. ముందు గాటు చూడాలి, పామును ఎరిగినవాళ్ళ మాట వినాలి, ఆ పైనే తాడూ కత్తీ. సర్వీసు అయ్యేదాకా ఆ వరస తప్పలేదు.

బుద్రి వచ్చిన రోజు సాయంత్రం కాంపౌండరు రిజిస్టరులో రోగకారణం దగ్గర 'పాముకాటు' అని రాశాడు. నేను అది కొట్టేసి, 'తాడు' అని రాసి సంతకం పెట్టాను.