తోటకు ఎక్కించని పాట

మాస్టారు పోయారన్న సంగతి మా చర్చి గ్రూపులో బుధవారం ఉదయం ఏడున్నరకు వచ్చింది. తోటకు బయల్దేరుతూ, చెప్పులేసుకుని, వరండా మెట్టు మీద కూర్చుండిపోయారట. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయిందట. ఆ మెసేజ్ చదివిన ఫోన్‌లోనే, ఆయన ముందురోజు చేసిన రెండు కాల్స్ ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆ రెండూ నేను ఎత్తలేదు.

చూసుకోక కాదు. ఎవరు చేస్తున్నారో చూసి, భయమేసి ఎత్తలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది కాస్త స్థిమితంగా రాయగలనేమోనని ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఆయన మా క్వయిర్ మాస్టారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో రెండెకరాల మామిడి తోట ఉండేది. మా చర్చిలో పాడడం వచ్చినవాళ్ళందరికీ నోరు తెరవడం నేర్పింది ఆయనే. కానీ ఊళ్ళో ఆయన్ని చాలామంది గుర్తుపెట్టుకున్నది శుక్రవారాల వల్ల.

శుక్రవారం ఫోన్‌లో పాటల యాప్‌లోకి కొత్త ఆల్బమ్‌లు వచ్చే రోజు. ఆ రోజు మాస్టారు పెందలాడే కాఫీ తాగేసి, ముందు గదిలో వాలుకుర్చీ వేసుకుని, చిన్న స్పీకరు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ఏ భాషైనా సరే, ఎవరి పాటైనా సరే. పేరున్నవాళ్ళ ఆల్బమ్‌లు ఆఖర్న వినేవారు. "వాళ్ళని వినడానికి లోకం ఉందిగా. ఎవరూ విననివాళ్ళ సంగతి చూద్దాం ముందు" అనేవారు. చింతలపూడిలో ఆటో నడిపే ఒకాయన ఒక్కటంటే ఒక్క పాట పెట్టి ఊరుకుంటే, దాన్ని పట్టుకొచ్చి మా అందరికీ వినిపించింది మాస్టారే. ఎక్కడో ఈశాన్య కొండల్లో ఉండే ఒకమ్మాయి పాడిన జోలపాట కూడా అలాగే మా చెవిన పడింది. మాట ఒక్కటీ అర్థం కాలేదుగానీ మా పిన్ని కూతురు ఇప్పటికీ ఆ పాటతోనే బిడ్డను పడుకోబెడుతుంది.

ఆ గదిలో మంచం కింద వేసవంతా గడ్డి పరిచి ఉండేది. గడ్డిలో రసాలు మగ్గుతుండేవి. మాస్టారు పాటలకూ అదే పద్ధతి పెట్టారు. ఫోన్‌లో ఆయనకు రెండు జాబితాలు. ఒకదాని పేరు 'గడ్డి', రెండోదాని పేరు 'బుట్ట'. శుక్రవారం విన్న కొత్త పాటలో పస కనిపిస్తే గడ్డిలో పెట్టేవారు. వారం పాటు ఎవరితోనూ దాని ఊసెత్తేవారు కాదు. మళ్ళీ శుక్రవారానికి కూడా అది వినబుద్ధయితే బుట్టలోకి మార్చి, గ్రూపులో రెండు ముక్కలు రాసేవారు. బుట్టలో పాటలే తోటకు వెళ్ళేవి. తోటలో సిగ్నల్ రాదు కాబట్టి వాటిని ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. ఆ పని ఆయనకు చచ్చినా వచ్చేది కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద నిలబడి ఫోన్ నా చేతికిచ్చి, "వీటిని తోటకు ఎక్కించమ్మాయ్" అనేవారు. ఎక్కించి ఇచ్చేదాన్ని.

ఈ వారం నియమం వెనక ఒక కథ ఉంది. చాలా ఏళ్ళ క్రితం మాకు తెలిసిన ఒక గాయకుడు మొదటి ఆల్బమ్ విడుదల చేశాడు. ఆ రోజే విని, సంతోషంలో, అందరిముందూ మాస్టారు తెగ పొగిడారు. తర్వాతి వారం విందామని కూర్చుంటే రెండో పాట దాటలేకపోయారట. అన్న మాట వెనక్కి తీసుకోలేరు. ఆ గాయకుడు అచ్చం అలాంటివే మరో మూడు ఆల్బమ్‌లు చేశాడు. "పచ్చికాయ కోసి పండని చేతిలో పెట్టాను. అతను నా మాటే పట్టుకుని అక్కడే ఉండిపోయాడు" అని మాస్టారు బాధపడేవారు. అప్పట్నుంచీ వారం దాటకుండా ఎవరి పాట మీదా నోరు విప్పలేదు. దగ్గరవాళ్ళదైనా అంతే.

ఇప్పుడు నా సంగతి. నేను పట్నంలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పుట్టుకతో కంగారు మనిషిని. గ్యాస్ కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. అలాంటిదాన్ని, మాస్టారి పూనిక వల్లే, ఐదు పాటలు రాసుకుని, బెజవాడ వెళ్ళి రికార్డు చేసి, ఆల్బమ్‌గా పెట్టాను. రెండో పాట రెండో చరణంలో ఒకచోట నాకు ఊపిరి చాల్లేదు. చివరి అక్షరం గాలిలో తెగిపోయింది. మళ్ళీ పాడతావా అని స్టూడియోలో అతను అడిగాడు. అతన్ని విసిగిస్తున్నానేమోనని "ఫర్లేదండీ, ఉంచెయ్యండి" అనేశాను. బస్సెక్కినప్పటి నుంచీ ఆ తెగిన అక్షరం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

శుక్రవారం ఆల్బమ్ వచ్చింది. ఎంతమంది విన్నారో చూపించే చోటు ఒకటి ఉంటుంది. అది ఎన్నిసార్లు తెరిచానో చెప్తే నవ్వుతారు. నిజానికి ఎంతమంది విన్నా నాకు అక్కర్లేదు. ఒక్క మనిషి ఏమంటాడోనన్నదే నా భయమంతా.

ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు ఎప్పట్లాగే ఫోన్ ఇచ్చారు. పాటలు ఎక్కిస్తూ చూశాను. గడ్డిలో నా ఐదు పాటలూ ఉన్నాయి. ఫోన్ చేతిలోంచి జారబోతే పట్టుకున్నాను. "ఏంటమ్మాయ్, టిఫిన్ చెయ్యలేదా?" అన్నారు. అంతే. ఇంకొక్క మాట లేదు.

మంగళవారం పదకొండింటికి ఫోన్ మోగింది. మాస్టారు! వారం కాలేదు. వారం కాకుండా ఆయన ఎవరికీ ఏదీ చెప్పరు. చెప్తున్నారంటే అంత ఘోరంగా ఉందన్నమాట. ఇంకా ఎక్కువమంది వినకముందే తీసెయ్యమ్మా అని చెప్పడానికే అనుకున్నాను. చేతులకు గ్లవుజులున్నాయని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. కాసేపటికి మళ్ళీ మోగింది. ఫోన్ బోర్లా పెట్టి, పైన రిజిస్టరు పెట్టాను. శుక్రవారం నేనే చేసి తిట్లు తింటాలే అనుకున్నాను.

గురువారం భూస్థాపన. శ్రుతి ఇచ్చే మనిషి పెట్టెలో ఉన్నారు. క్వయిర్‌లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరూ మొదలుపెట్టకపోతే ఏమవుతుందోనన్న కంగారులో నేనే ఎత్తుకున్నాను, అదీ బాగా పై శ్రుతిలో. రెండో పాదానికి మగవాళ్ళందరూ మెడ నరాలు బిగపట్టి, పైకి చూస్తూ పాడారు. మామూలుగా అయితే మాస్టారు ఉంగరంతో బెంచీ మీద టక్కున కొట్టి ఆపేసేవారు. ఆ చప్పుడు కోసం చివరి చరణం దాకా ఎదురుచూశాను. ఏడుపు అక్కడ వచ్చింది.

మళ్ళీ శుక్రవారాలు వచ్చాయి. గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. నేను ఆ వీధిలోకి వెళ్ళడం మానేశాను. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, కాల్ సంగతి అడుగుతారేమోనని భయం. చివరికి ఆవిడే కబురుపెట్టారు.

వెళ్ళేసరికి మంచం కింద గడ్డిలోంచి పళ్ళు తీసి తుడుస్తున్నారు. మాస్టారి ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"ఇది శుక్రవారం శుక్రవారం టింగు టింగుమంటుందమ్మా. కొత్త పాటలొచ్చాయంట. నాకేం చెయ్యాలో తెలీట్లేదు. ఆయన లేరని దానికెవరు చెప్తారు?"

తెరిచి చూశాను. బుట్టలో నా పాట ఒక్కటీ లేదు. గడ్డిలో ఐదూ అలాగే ఉన్నాయి. ఇక దాచలేకపోయాను.

"అమ్మగారూ, ముందురోజు మాస్టారు నాకు ఫోన్ చేశారు. రెండుసార్లు. నేను ఎత్తలేదండీ. కావాలనే ఎత్తలేదు. నా పాటలు బాలేదని చెప్తారని..."

ఆవిడ తుడుస్తున్న పండు ఆపి నావైపు చూశారు.

"పాట బాలేదని చెప్పడానికి ఫోన్ చేస్తారేంటే ఆయన? ఎక్కించుకోడం ఎలాగో అడగడానికి చేశారు. నీ పాటేదో తోటకు తీసుకెళ్ళాలంట. ఆ ఫోను పట్టుకుని గంటసేపు నానా తిప్పలూ పడ్డారు."

"గడ్డిలో పాటలు తోటకు తీసుకెళ్ళరు కదండీ."

"నేనూ అదే అన్నా. 'మగ్గిందని నేననను. వారం అవ్వలేదు. కానీ చెట్ల కింద ఓసారి వినాలనుంది' అన్నారు."

నేను ఎత్తి ఉంటే ఆ పని అర నిమిషం. ఫలానా చోట నొక్కండి మాస్టారూ అని చెప్పేదాన్ని. ఆయన బుధవారం ఉదయం చెప్పులేసుకున్నది పాట లేకుండానే.

"ఏ పాటండీ?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా? అన్నీ నీ గొంతే. ఏదో ఒకటే మళ్ళీ మళ్ళీ పెట్టేవారు. ఒకచోటికి రాగానే ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వినేవారు."

ఐదూ ఎక్కించాను. ఎక్కినట్టు గుర్తు వచ్చేదాకా రెప్పవెయ్యకుండా చూశాను. అమ్మగారు చీర మార్చుకుని, "పద, తోటకు పోదాం" అన్నారు. ఆటోలో వెళ్ళాం.

కోతలు దాదాపు అయిపోయాయి. ఇద్దరు కూలీలు చివరి వరసలో కాయ దించుతున్నారు. మాస్టారికి ఒక అలవాటు ఉండేది. కాయ కోసే గెడకు చివర వల ఉంటుంది కదా, చిక్కం అంటాం, దాంట్లో ఫోన్ పెట్టి, గెడను కొమ్మల్లోకి ఎత్తి చెట్టుకు ఆనించేవారు. పాట పైనుంచి వస్తే తోటంతా వినిపిస్తుందని. అమ్మగారు పాకలోంచి ఆ గెడ తెచ్చి ఇచ్చారు. ఫోన్‌లో పాట పెట్టి, చిక్కంలో వేసి, గెడ పైకెత్తాను.

మొదటి పాట అయింది. కూలీల్లో ఒకామె ఓసారి తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. రెండో పాట మొదలైంది. రెండో చరణం దగ్గరపడుతుంటే ఎప్పట్లాగే పళ్ళు బిగపట్టాను. అక్షరం తెగింది.

"ఆగాగు" అన్నారు అమ్మగారు. "ఇదే. ఇక్కడే వెనక్కి తిప్పేవారు."

తప్పు దొరికి తిప్పేవారా, ఆ తెగడమే బాగుండి తిప్పేవారా? అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని, పాట వినిపిస్తున్న కొమ్మవైపు మొహమెత్తి ఉన్నారు.

చిక్కం కిందికి దించి, పాట కాస్త వెనక్కి తిప్పి, మళ్ళీ పైకెత్తాను.