మూడో ఫొటో

"సార్, ఆ రోజు మా ఆయన ఎవరి పని మీద పోయిండు? ఒక్కసారి చెప్పుండ్రి."

"నాకు గుర్తు లేదు. వెళ్లి టీ పంపించు."

మస్కట్‌లో ఆ దొరకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. టీ పంపలేదు. బట్టలు మూటగట్టుకుని అదే ఊళ్లో దార్సైట్ పేటలో ఉన్న మా చెల్లెలి బిడ్డ ఇంటికి వచ్చేశాను. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆమే.

దొర పశ్చిమ ఆఫ్రికాలోని ఒక దేశం మస్కట్‌కు పంపిన రాయబారి. ఆయన ఇంట్లో నాది వంట, మా ఆయన డ్రైవర్. విందుకు వచ్చిన ప్రతివాడికీ దొర తన బతుకు కథ చెప్పేవాడు. బడిపంతులుగా మొదలయ్యాడట. సిపాయిల పాలనను ఎదిరించి రెండుసార్లు జైలుకు పోయాడట. తర్వాత మంత్రి, ఆ తర్వాత ఇక్కడ. నాకు వచ్చినవి వంటింటి ఇంగ్లీషు ముక్కలే; ఆ కథంతా మా ఆయన తెలుగులో చెబితే విని కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లంతా కంపరం.

హాల్లో గోడకు వాళ్ల అధ్యక్షుడి ఫొటో ఉండేది. "ఈయన నా అన్న" అనేవాడు. అక్కడ సిపాయిలు ఆ అన్నను దించేసిన మర్నాడే, "ఆ దొంగను తీసి చెత్తలో వెయ్యి" అన్నాడు నాతో. గోడకు సిపాయి ఎక్కాడు. వాడూ అన్నే. ఇంకో సిపాయి వాణ్ణి దించాడు. అప్పుడు వాడూ దొంగే. కుర్చీ పోకుండా ఉంటే చాలు, ఎవడి బూటైనా నాకుతాడు.

మూడోవాడి ఫొటో వచ్చిన రోజు మా ఆయనకు జ్వరం కాగుతోంది. నడి ఎండలో ఊరి బయట రుసైల్ దాకా పోయి ఫ్రేము కట్టించుకు రమ్మన్నాడు దొర.

"రేపు పోతడు సార్, ఒళ్లు కాలుతున్నది."

"సాయంత్రం అతిథులు వస్తారు. గోడ బోసిగా ఉంటే నా పరువేం కావాలి?"

మా ఆయన నవ్వాడు. "ఏందే, ఆళ్ల రాజు మారితే నా జ్వరం గూడ దిగాల్నా?" అంటూ తాళాలు తీసుకుపోయాడు.

తిరిగి వస్తుంటే బండి రోడ్డు మధ్య గోడకు గుద్దుకుంది. నేను ఆసుపత్రిలో శవం దగ్గర కూర్చున్నాను. దొర నుజ్జయిన బండిలోంచి ఫొటో తెప్పించి, తోటమాలి చేత గోడకు పెట్టించాడు.

జ్వరం మనిషిని పంపానంటే తప్పు తన మీదికి వస్తుందని, "చెప్పకుండా బండి తీసుకెళ్లాడు" అని పోలీసులకు రాసిచ్చాడు. తొమ్మిదేళ్లు వాడి బండి తోలిన మనిషిని బండి దొంగను చేశాడు. మావాళ్లు కూడా ఫోన్ చేసి అడిగారు, "నిజంగనే అడగకుండ తీస్కపోయిండా వదినా?" అని.

నిజం ఒప్పుకుంటాడని ఆశపడి ఇంకో రెండు నెలలు ఆ నోటికే వండిపెట్టాను. నా చేతులు చూసుకుంటే నాకే రోత. లుచ్చాగాడు.

"పెద్దమ్మా, లుచ్చాగాడు అని గూడ రాయాల్నా?"

"రాయి. కింద గీత గూడ కొట్టు."

నాకు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప రాదు. "బిడ్డా, దొర పంపితెనే పోయిండని రాసినవా? ఏదీ, జ్వరం కాడికెల్లి చదివి వినిపియ్యి. నిమ్మలంగ చదువు."