మెట్ల కింద మెయిన్ బోర్డు

మొన్నటి ముసురులో ఒక ఉదయం మా పటమట ఫ్లాటులో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టినప్పుడల్లా ఎంసీబీ స్విచ్చి టప్పున పడిపోతూ ఉంటే, ఆఫీసుకు వేళ మించిపోతున్న మా కోడలు విసుగెత్తి, "అత్తయ్యగారూ, ఇది తీసేయించి ఇంకాస్త పెద్దది వేయించేద్దామండీ, గొడవుండదు" అంది. సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఇస్త్రీపెట్టె వైరే లోపల చితికిపోయి ఉంది. అది మార్చాక స్విచ్చి మళ్ళీ పడలేదు. కోడలు ఆ సంగతే మరిచిపోయింది గానీ, నాకు మాత్రం రెండు పూటలు అన్నం సయించలేదు. ఇలాంటి మాటే, ఇంత తేలిగ్గానే, నేను ఇదివరకొకసారి విన్నాను.

నాకు కొత్తగా టీచరుద్యోగం వచ్చి, దివిసీమలోని మా ఊరి నుంచి బెజవాడ వచ్చిన రోజులవి. వన్ టౌన్‌లో మా పిన్ని ఇంట్లో ఉండి బడికి వెళ్ళేదాన్ని. అది బాబాయి తండ్రిగారు కట్టించిన మేడ, ఇటూ అటూ ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండే ఇరుకు సందులో ఉండేది. పైకి ఒకటే మెట్లదారి. ఆ మెట్ల కిందే మెయిన్ బోర్డు. ఆ కాలపు ఇళ్ళలో పెరిగినవారికి గుర్తుండే ఉంటుంది, నల్లబడిన చెక్క పలక, దాని మీద తెల్లటి పింగాణీ ఫ్యూజులు, అక్కణ్ణుంచి గోడ వెంబడి చెక్క బద్దల మీద పాకుతూ పోయే వైర్లు. నాలుగు బల్బులకీ రెండు ఫ్యాన్లకీ వేసిన ఆ వైరింగు మీదికే తరవాత ఫ్రిజ్జూ, గ్రైండరూ, నీళ్ళు కాచుకునే హీటరూ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. అవి వచ్చినప్పుడల్లా సంబరపడ్డాం గానీ, ఆ పాత తీగలు ఇంత బరువు మోయగలవా అని మాలో ఎవరికీ తోచలేదు.

పిన్ని గొంతు బాగుండేది. వంట చేస్తూ కీర్తనలు పాడుకునేది, ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక ఎవరినో ఒకరిని భోజనానికి వెంటబెట్టుకు రాకపోతే ఆవిడకు తోచేది కాదు. వచ్చినవాళ్ళున్నప్పుడే, గ్రైండరు తిరుగుతుండగా, ఫ్యూజు పోయేది. బాబాయి నలుగురిలో చిన్నతనంగా ఫీలయ్యేవారు. ఒకరోజు ఆయన ఫ్యూజులో, బరువెక్కువైతే కరిగిపోయే సన్న తీగ తీసేసి, ఏదో పాత వైరు లోంచి రాగి పోగులు లాగి, వాటిని జడలా మెలిపెట్టి బిగించి, "ఇహ ఈ జన్మలో పోదు, చూస్కోండి" అన్నారు. నిజంగానే మళ్ళీ పోలేదు. ఇరుగుపొరుగు కూడా ఆయన తెలివిని మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకు, మెట్ల దగ్గర ఊడుస్తుంటే రబ్బరు కాలినట్టు వాసన వస్తోందనీ, బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోందనీ పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. "ఏమండీ, ఎవరినైనా పిలిచి చూపించండి, నాకు భయంగా ఉంది" అని ఆవిడ అనడం నేను విన్నాను. బాబాయి, పాత బోర్డన్నాక కాస్త వేడెక్కుతుందని నవ్వేశారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి సందు నిండా జనం. బోర్డు అంటుకుని, పొగంతా గొట్టంలోకి ఎక్కినట్టు మెట్లదారిలోకి ఎక్కింది. కింద వంటింట్లో ఉన్న పిన్ని వీధిలోకి వచ్చేయగలిగేదే, అందరూ రమ్మని కేకలేశారు కూడా. కానీ మేడ మీద, మంచం దిగలేని స్థితిలో బాబాయి తల్లిగారు ఉన్నారు. పిన్ని తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని ఆ పొగలోకే ఎక్కింది. అత్తగారిని ఎత్తుకుని డాబా మీదికి చేర్చి, పిట్టగోడ మీదుగా పక్కింటివాళ్ళకు అందించి, తనూ దాటబోతూ అక్కడే కూలిపోయింది. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. పొగే లోపలికి పోయింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుండి, ప్రార్థన జరుగుతుండగానే కన్నుమూసింది.

కరెంటువాళ్ళు వచ్చి బోర్డు ఊడదీశారు. వైరు మీది తొడుగంతా కాలి మసైపోయింది, బాబాయి మెలిపెట్టిన రాగి జడ మాత్రం చెక్కుచెదరలేదు. కరిగిపోయి ఇంటిని కాపాడవలసినది అదే. బాబాయి దాని వంక చూస్తూ, "మీ పిన్ని చెప్పిందే అమ్మాయ్. నేనే వినలేదు" అన్నారు. ఆ తరవాత ఆయన నోట ఆ ఊసే రాలేదు.

నోట రాలేదు గానీ, ఆ ఏడాది నుంచీ ఆయన ఏ చుట్టాలింటికి వెళ్ళినా, కాళ్ళు కడుక్కోకముందే, మంచినీళ్ళు పుచ్చుకోకముందే, "మీ మెయిన్ బోర్డు ఎక్కడుందండీ?" అని అడిగేవారు. పెళ్ళివారింట్లో అడిగారు, పరామర్శకు వెళ్ళినచోటా అడిగారు. కొందరు నవ్వారు, కొందరు దుఃఖంతో మతి చలించిందన్నారు. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తవారింటికీ వచ్చారు. మా మామగారు ముఖం మాడ్చుకుని, "మా ఇంట్లో ఏ లోటూ లేదండీ" అన్నారు. బాబాయి చేతులు జోడించి, "ఒక్కసారి చూసి వెళ్ళిపోతానండీ బావగారూ, మా పిల్ల ఉండే ఇల్లు" అన్నారు. మెయిన్ ఆపి ఫ్యూజు లాగితే, పింగాణీ లోపల నల్లగా కమిలిపోయి ఉంది. మామగారే వెళ్ళి మిస్త్రీని పిలుచుకొచ్చారు. ఆ వారంలోనే కొత్త వైరింగు మొదలైంది. పని అయ్యేదాకా బాబాయి రోజూ సిటీ బస్సెక్కి వచ్చి, మిస్త్రీ పక్కనే కూర్చునేవారు. ఆయన పోయినప్పుడు సమాధుల తోటకు వచ్చినవాళ్ళలో ఆయన బోర్డు మార్పించని ఇంటివాళ్ళు తక్కువ.

ఇప్పటికీ వన్ టౌన్ మీదుగా ఆటోలో వెళ్తుంటే, కింద కొత్త షాపుల అద్దాలు మెరుస్తూ, పైన ఏసీ డబ్బాలు వేలాడుతూ ఉన్న పాత మేడలు కనిపిస్తాయి. లోపల మెట్ల కింద ఏముందోనని మనసు పీకుతుంది. దిగి తలుపు తట్టి అడగాలనిపిస్తుంది. కానీ ఈ రోజుల్లో ముఖం తెలియని ముసలిది వచ్చి మీ బోర్డు చూపించమంటే ఎవరు రానిస్తారు? వాళ్ళ దాకా ఎందుకు, మా అపార్ట్‌మెంటులో ఎదురు ఫ్లాటు వాళ్ళ ఇంట్లోకి నేను ఇంతవరకూ అడుగు పెట్టలేదు. పిలవని ఇంట్లోకి వెళ్ళి, నవ్వినా కసిరినా పడి, మీరు క్షేమంగా ఉండాలని బతిమాలే మనిషి ఒకడు ఆ రోజుల్లో మా అందరికీ ఉండేవాడు.