వాక్యం కింద దాత పేరు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, బందరు నుంచి కోడూరు వెళ్ళి ఒక చర్చి గోడ మీద వాక్యాలు రాశాను. తాటిచెట్టంత గోడ. సరే, స్టూలెక్కితే అందే గోడే. బోర్డులు రాసేవాణ్ణి, కొలత కాస్త పెంచి చెప్పడం అలవాటు.

పాస్టరుగారు బైబిల్లోని మూడో సువార్తలోంచి మూడు ఘట్టాలిచ్చారు. ముందు లేఅవుట్, అంటే సుద్దతో అక్షరాలకు చోటు గీసుకోవడం. ఆపైన ఎర్ర ఎనామెల్ రంగు. ఖర్చు రొయ్యల చెరువుల దేవదానంగారిది. మా వైపు ఫ్యానుకైనా బెంచీకైనా దాత పేరు ఉండాల్సిందే. అందుకని ఎవరూ చెప్పకుండానే ప్రతి వాక్యం కిందా ఆయన పేరు రాసేశాను.

మర్నాడు ఆయన వచ్చి చదివారు. మొదటిది, ధాన్యం కొట్లు పెద్దవి కట్టిద్దామనుకుని ఆ రాత్రే పోయిన ధనవంతుడు. రెండోది, గుమ్మంలో బిచ్చగాణ్ణి పట్టించుకోక మంటల్లో పడ్డ ధనవంతుడు. రెండింటి కిందా దేవదానంగారు.

"ఖర్చు నాది, తిట్లూ నాకేనా? ఆదివారంలోగా గది ఖాళీ చెయ్యండి."

చర్చి వెనక దేవదానంగారి గదిలోనే పాస్టరుగారి కాపురం. "మేం ఏరలేదు అన్నయ్యగారూ, ఈ సువార్త నిండా అదే" అంది పాస్టరుగారి భార్య.

"నువ్వు చెప్పు బాబాయ్, కావాలనే రాయించారా?" అని నన్నడిగారు దేవదానంగారు.

"పేర్లు నా అలవాటండీ. వాక్యాల సంగతి నాకూ అనుమానంగానే ఉంది. మీరే ఈ సువార్త ఎక్కడో ఒకచోట తెరవండి, చూద్దాం."

సువార్త మొత్తం నేనే చదివి తీర్పు చెప్పానని బందరులో చెప్పుకుంటుంటాను. నిజానికి నా దగ్గర కళ్ళద్దాలు లేవు. చదివింది ఆవిడే.

ఆయన తెరిచారు. విందుకు ధనవంతుల్ని కాదు, కుంటివాళ్ళనీ పేదలనీ పిలవమని ఉంది. అనుమానంతో ఇంకోచోట తెరిచారు. కడుపు నిండినవాళ్ళకు శ్రమలు తప్పవని ఉంది.

"వదలడేంటమ్మా ఈ ప్రభువు?"

"తప్పిపోయినవాళ్ళనీ వదలడండీ" అంటూ ఆవిడ గోడ మీది మూడోది చూపించింది. చెట్టెక్కిన పొట్టి ధనవంతుడు, అతనింటికి ప్రభువే వెళ్ళడం.

దేవదానంగారి మొహం వికసించింది. "ఇది బాగుంది. దీని కింద నా పేరుంచు బాబాయ్."

"తర్వాత అతను ఆస్తిలో సగం పేదలకిచ్చాడండీ" అందావిడ.

ఆయన నా స్టూలు గోడకేసి జరిపారు. "ఆ పేరూ తీసెయ్యి."

"మరి గది?" అడిగిందావిడ.

"ఉండండి. పంపించేస్తే అవి నా మీదే రాశారని ఒప్పుకున్నట్టేగా!"

ఎరుపు మీద తెలుపు ఎంత పూసినా వానలకు పైకి తేలుతుంది. ఏటా ఆయన ఫోన్ చేస్తారు: "బాబాయ్, మళ్ళీ కనబడుతున్నాను." వెళ్ళి పూసొస్తాను.

అప్పట్నుంచీ పేరు రాసేముందు, పైన ఏముందో దాతకు చదివి వినిపిస్తున్నాను. విని పేరు వద్దన్నవాళ్ళు బోలెడుమంది. సరే, ఇద్దరు.