నూకయ్య బిగించనన్న స్ప్రాకెట్

నాకు ఈ మధ్య మోటారుసైకిళ్ళంటే రోత పుట్టింది. సాలూరులో ఇరవై ఏళ్ళుగా బండి సామాన్ల కొట్టు నడుపుతున్నవాడు అనాల్సిన మాట కాదిది, తెలుసు. కానీ రోజూ చూసే బాపతు అలాంటిది. కొండ దారుల్లో బండి నడుపుతామంటూ ఊరి మీద పడే కుర్రకారు, గుబ్బల టైర్లు, హెల్మెట్ల మీద కెమెరాలు. స్ప్రాకెట్ కావాలంటారు. చైను చుట్టుకుని తిరిగే పళ్ళ చక్రం అది, ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ఎన్ని పళ్ళది కావాలయ్యా అంటే, బంగారు రంగుది అంటారు. పైన పటారం, లోన లొటారం.

నా కొట్టుకు ఎదురుగా రేకుల షెడ్డులో ఉండే మెకానిక్కు నూకయ్య. నన్ను బావా అంటాడు. యాభై దాటిన పొట్టి మనిషి. వచ్చిన బండిని ముందు ముట్టుకోడు, మనిషిని అడుగుతాడు. "ఏ కొండెక్కుతావు? ఎంత బరువేస్తావు? దిగినప్పుడు ఏ గేర్లో దిగుతావు?" మూడో ప్రశ్నకి సగం మంది నవ్వుతారు. నవ్వినవాడి బండి మీద అతను చెయ్యి వెయ్యడు.

పళ్ళ లెక్క చిన్నదే. మామూలు ఫోర్ స్ట్రోక్ బండికి ముందు చక్రంలో ఒక పన్ను తగ్గించినా, వెనక చక్రంలో మూడు పెంచినా ఇంచుమించు ఒకటే. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. ముందుది మరీ చిన్నదైతే చైను తొందరగా అరుగుతుందని నూకయ్య వెనకదే మారుస్తాడు. ఇంతవరకూ నాకూ తెలుసు. ఎక్కినవాడు దిగాలి కదా అన్న సంగతి మాత్రం అతనికొక్కడికే పట్టింది.

కిందటేడు చింతపండు రోజుల్లో శివాజీ వచ్చాడు. ఎండు చేపలు కొండ మీద సంతకి పట్టుకెళ్ళి, వాటికి బదులు చింతపండు బస్తాలు కిందికి తెచ్చేవాడు. మూడో మలుపు దగ్గర బండి మొరాయించేది. అతను తోస్తుంటే పెళ్ళాం దాలమ్మ వెనకాలే నడుస్తూ, ఆగినప్పుడల్లా టైరు కింద రాయి పెట్టేది. వెనక నలభై రెండు పళ్ళది తీసి నలభై ఆరుది వెయ్యమని నూకయ్యని అడిగాడు.

"దిగినప్పుడు?" అన్నాడు నూకయ్య.

"దిగుడుకి గేరెందుకు మావా? ఇంజనాపీసి నూట్రల్‌లో వదిలీడమే. పెట్రోలు మిగులుతాది. లారీ మీద పన్నెండేళ్ళు క్లీనరుగా సేసినాను, నాకు తెల్దేటి?"

మా ఊరి జబ్బే అది. ఇక్కడ ఇంటికో లారీ చుట్టరికం ఉంటుంది. డీజిలు మిగల్చడానికి ఘాటీ కొండరోడ్డులో ఇంజను ఆపేసి దిగినవాణ్ణి మొనగాడని చెప్పుకుంటూ పెరిగాం. బ్రేకులు కాలి లోయలో పడినవాడి సంగతి వస్తే తలరాత అంటాం. సిగ్గులేని జాతి.

"గేర్లో ఉంటే ఇంజనే బండిని పట్టుకుంటాది," అన్నాడు నూకయ్య. "పెద్ద సక్రమేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాది, గానీ ఇంజను అరుస్తాది. ఆ అరుపుకి నువ్వెలాగూ నూట్రల్ సేస్తావు. రెండు బస్తాలు తెచ్చీవోడివి మూడేస్తావు. నాను బిగించను. ఫో."

శివాజీ రోడ్డు దాటి నా దగ్గరికొచ్చాడు. నేనేం చేశాను? అమ్మాను. నా గిరాకీని ఆపడానికి వీడెవడని నూకయ్య మీద మండింది. స్ప్రాకెట్‌తో పాటు దానికి సరిపడా పొడుగు చైనూ ఇచ్చి, ఏమీ అడగకుండా బిగించే ఇంకో మెకానిక్కు పేరు కూడా చెప్పాను.

మూడు వారాలు బండి ఎక్కడా ఆగలేదు. దాలమ్మ దర్జాగా వెనక కూర్చుని సంతకి వెళ్ళింది. "సూసినావా, ఎలగెక్కుతన్నాదో!" అని నూకయ్యని దెప్పాను.

నాలుగో వారం శివాజీ మూడు బస్తాలేసుకుని, ఇంజనాపి దిగాడు. చోటు లేక దాలమ్మ బస్సెక్కింది. సగం ఘాటీలో బ్రేకులు కాలిపోయి పట్టు వదిలేశాయి. మలుపులో బండి గోడకి కొట్టుకుంది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో ఒకడు రోడ్డు మంచిది కాదన్నాడు, ఒకడు శనివారం అన్నాడు. మంచం పక్కన నిలబడి నేను కూడా "ఖర్మ" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నాకే అసహ్యం.

నూకయ్య ఆ బండిని తన షెడ్డుకి తెప్పించి బాగు చేశాడు. నలభై ఆరు పళ్ళదాన్ని తియ్యలేదు. తర్వాత పదిరోజులు పొద్దున్నే షెడ్డు మూసేసి దాలమ్మకి బండి నేర్పాడు. ముందు చదునులో, ఆ తర్వాత ఘాటీలో. ఆమె నడుపుతుంటే తను వెనక కూర్చున్నాడు. దిగుడులో ఇంజను కీచుమంటే ఆమె బెదిరిపోయిందట.

"అరవనీ అమ్మా," అన్నాడట. "అది అరిసినంతసేపూ నీకు బయం లేదు."

ఆమె ఒంటరిగా సంతకి వెళ్ళి క్షేమంగా దిగొచ్చిన సాయంత్రం నేను రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్ళాను. అప్పటిదాకా మొహం చెల్లలేదు.

"నానే అమ్మినాను రా," అన్నాను.

"తెలుసు. నాను మాత్రం ఏటి సేసినాను? బిగించనని గెంటీసినాను. ఆ రోజే ఆడి ఎనకాల కూకోని ఒక్కపాలి గేర్లో దింపి సూపించుంటే, ఆడి కాలు ఉండును."

"నన్నో మాట తిట్టరా నూకయ్యా."

చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"తిట్టను బావా," అన్నాడు. "తిడితే నీకు తేలికైపోతాది."