పదిహేను రోజుల నవ్వు

సిద్దిపేటలో మా బట్టల దుకాణానికి గిరాకీ తగ్గడానికి కారణం నా ముఖమేనని మా బాపు తేల్చేశాడు. "గా మొఖం జూసి ఎదురు దుకాణంకు పోతున్నరు. ఉగాది దాకా జూస్త. మారకుంటే నా తర్వాత గల్లపెట్టె కాడ నీ చెల్లెను కూసోవెడ్త," అన్నాడు. నాకు నలభై రెండేళ్ళు. చెల్లెలికి నవ్వడం పుట్టుకతోనే వచ్చు. భయం పట్టుకుంది నాకు.

అప్పట్లో ఒక అమెరికా తత్వవేత్త పుస్తకం చదువుతున్నాను. ఏది పనికొస్తే అదే నిజమనే బాపతు మనిషి. సంతోషం వచ్చాక నవ్వడం కాదట, ముందు నవ్వితే సంతోషం వెనకే వస్తుందట. రోజూ చేసేది అలవాటై, ఆ అలవాటే గుణమవుతుందట. పెండ్లిళ్ళ సీజన్లో బట్టల దుకాణంలో కూర్చున్న పాపాన పోలేదు ఆ పెద్దమనిషి. అయినా గతిలేక నమ్మాను.

పదిహేను రోజులు గడపలోకి ఎవరొచ్చినా నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి తప్ప సంతోషం జాడ లేదు. అలవాటు మాత్రం అయింది.

పదహారో రోజు తొగుట వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. "మా అక్కకు అవ్వగారింటి చీర వెట్టాలె, బిడ్డా," అన్నాడు. మా దిక్కు పుట్టింటి చీర శుభానికీ పెడతారు, మొగుడు పోయిన ఆడమనిషికీ పెడతారు. దేనికో ముందు అడగాలని బాపు నాకు చిన్నప్పుడే నేర్పాడు. నవ్వే పనిలో పడి మరిచిపోయాను. జరీ అంచు ఎర్రచీర పరిచి, "మనుమరాలి పెండ్లా కాకా?" అన్నాను.

"మా బావ పోయిండు. ఎల్లుండి దినాలు."

నవ్వు తీసేద్దామంటే రాదే. అతుక్కుపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. గల్ల దగ్గర బాపు కళ్ళు మూసుకున్నాడు.

ముసలాయన నా ముఖంలోకి చూశాడు. "మా బావ గూడ గిట్లనే పండ్లు బయటవెట్టి పోయిండు," అని తనే నవ్వాడు. ఆ వెంటనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ఊడింది నా నవ్వు. ఎర్రచీర మడిచి అవతల పెట్టి ఆయన పక్కన పరుపు మీద కూర్చున్నాను. "అక్కకు ఏ రంగంటే ఇష్టం కాకా?" అని అడిగాను.

"ఎన్నడు అడుగలె బిడ్డా," అన్నాడు. వెంటనే అక్కకు ఫోన్ చేశాడు. ఏ రంగంటే ఇష్టమని అడిగాడు. అవతల ఆమె మెల్లగా "చిలకపచ్చ" అనడం నాకూ వినిపించింది.

ఆయన చీర తీసుకుని వెళ్ళాక బాపు దుకాణం తాళాలు నా ముందుకు తోశాడు.

"రేపటి సంది షట్టర్ నువ్వే తియ్యి. నవ్వకు," అన్నాడు.